గాడ్జిల్లా ఎవరి పక్షం?

1954 నాటి జపాన్ సినిమాలో గాడ్జిల్లా అనే రాక్షస జంతువు టోక్యోని బూడిద చేసింది. పదేళ్లకల్లా, 1964లో, అంతరిక్షం నుంచి మూడు తలల గిడోరా వచ్చిపడితే అదే గాడ్జిల్లా భూమి తరఫున నిలబడి పోరాడింది. 1971లో ఫ్యాక్టరీల మురుగు తిని బలిసిన హెడోరాతో తలపడింది. అప్పటికి జపాన్ పిల్లలకి అది హీరో. 1984కి వచ్చేసరికి మళ్లీ ఎవరి మాటా వినని విధ్వంసం. 1995లో తన ఒంట్లోని అణువేడికి తానే కరిగి చచ్చిపోయింది. 2016లో మొప్పల్లోంచి నెత్తురు కారుస్తూ, రోడ్డు మీద దేక్కుంటూ, చూడటానికే కష్టమనిపించే రూపంలో తిరిగొచ్చింది.

ఒకటే పేరు, ఒకటే అరుపు. కానీ ఒక సినిమాలో దాన్ని చూసి భయపడాలి, ఇంకో సినిమాలో ఈల వేయాలి. కొత్తగా ఈ సినిమాల్లోకి దిగినవాళ్లు తికమక పడేది ఇక్కడే. "ఇంతకీ ఇది మంచిదా, చెడ్డదా?" అని అడుగుతారు. వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: "రబ్బరు తొడుగులో దూరిన మనిషి బొమ్మ మేడలు తొక్కుతుంటే అంత సీరియస్‌గా ఎలా చూస్తావు?" ఈ రెండో ప్రశ్న అంటే నాకు ఇంకా ఇష్టం. దానికి సరిగ్గా జవాబు చెప్పుకుంటే మొదటి చిక్కు కూడా సగం విడిపోతుంది.

మనలో ఎక్కువమంది గాడ్జిల్లాని చూసింది హాలీవుడ్ సినిమాల్లో. 2021లో అది కాంగ్‌తో కొట్టుకున్న సినిమా తెలుగు డబ్బింగ్‌తోనే మన థియేటర్లకి వచ్చింది. ఆ సినిమాలంటే నాకేం చిన్నచూపు లేదు, ఎంజాయ్ చేస్తాను. కాకపోతే వాటిలో గాడ్జిల్లా అంటే బాగా బలమున్న జంతువు, అంతవరకే. జపాన్ గాడ్జిల్లా వెనక పేర్లు, తేదీలు ఉన్న ఒక ఘోరం ఉంది. అది తెలియకపోతే ఆ సినిమాలు సగమే అర్థమవుతాయి.

ఒక చేపల పడవ

1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా ఒక హైడ్రోజన్ బాంబుని పరీక్షించింది. ఆ పరీక్ష పేరు క్యాజిల్ బ్రావో. 6 మెగాటన్నుల శక్తి వస్తుందని లెక్క వేసుకుంటే 15 వచ్చింది. అంటే హిరోషిమా మీద పడ్డ బాంబుకి దాదాపు వెయ్యి రెట్లు. ప్రమాద ప్రాంతమని ప్రకటించిన హద్దుకి బయటే ట్యూనా చేపలు పడుతోంది ఒక జపాన్ పడవ, పేరు దాయ్‌గో ఫుకుర్యూ మారు. దాని మీద గంటల తరబడి తెల్లటి బూడిద రాలింది. పడవలో ఉన్న 23 మందికీ రేడియేషన్ జబ్బు చేసింది. రేడియో ఆపరేటర్ ఐకిచి కుబోయామా సెప్టెంబర్ 23న చనిపోయారు. ఈలోపు ఆ పడవ తెచ్చిన చేపలు మార్కెట్‌కి వెళ్లాయని తెలిసి జనం చేపలు కొనడానికే భయపడ్డారు. టోక్యోలోని సుగినామి ప్రాంతంలో గృహిణులు ముందు నడిచిన సంతకాల ఉద్యమం దేశమంతా పాకింది. మరుసటి ఏడాది ఆగస్టుకల్లా మూడు కోట్ల సంతకాలు దాటాయి.

కుబోయామా పోయి ఆరు వారాలు తిరక్కముందే, నవంబర్ 3న, తోహో సంస్థ తీసిన గోజిరా విడుదలైంది. గాడ్జిల్లాకి జపాన్‌లో అసలు పేరు అదే. మొదటి సీన్‌లో ఒక ఓడ డెక్ మీద నావికులు గిటారు, మౌతార్గాన్ వాయించుకుంటూ తీరిగ్గా కూర్చుని ఉంటారు. సముద్రంలోంచి ఒక్కసారిగా తెల్లటి వెలుగు. తర్వాత మంట. ఆ రోజు హాల్లో కూర్చున్న వాళ్లకి అది ఏ ఓడో, ఏ వెలుగో ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఆ ఏడాదంతా వాళ్లు పేపర్లలో చదివింది అదే.

దర్శకుడు ఇషిరో హోండా సైనికుడిగా చైనాలో పనిచేసి, యుద్ధం ముగిశాక 1946లో ఇంటికి వస్తూ దారిలో హిరోషిమాని చూశారు. 1952 దాకా జపాన్ అమెరికా ఆక్రమణ పాలనలో ఉంది. ఆ కాలంలో అణుబాంబు బాధితుల ఫొటోలు స్వేచ్ఛగా అచ్చు వేయడానికి లేదు. అంటే జనం కళ్లారా చూసిందాన్ని బయటికి అనలేకపోయిన ఏళ్లవి. ఆ మాటలన్నీ ఈ సినిమాలో చిన్న చిన్న సీన్లుగా బయటపడతాయి. లోకల్ ట్రైన్‌లో ఒక యువతి, నాగసాకి నుంచి ఎలాగో ప్రాణాలతో బయటపడ్డానని, ఇప్పుడు ఇదొకటా అని అంటుంది. మంటల మధ్య ఒక తల్లి పిల్లల్ని దగ్గరికి లాక్కుని, ఇంకాసేపట్లో నాన్న దగ్గరికి వెళ్లిపోతాం అని చెబుతుంది. ఆ నాన్న యుద్ధంలో పోయాడని మనకి మనమే అర్థం చేసుకోవాలి. ఆస్పత్రిలో డాక్టరు ఒక పసిదాని దగ్గర రేడియేషన్ కొలిచే గైగర్ మీటరు పెట్టి, దాని శబ్దం విని, తల అడ్డంగా ఊపుతాడు. ఈ మూడు సీన్లూ కలిపినా కొద్ది నిమిషాలే. రాక్షస జంతువుల సినిమాల్లో ఇంత నిజం ఇంకెక్కడా నేను చూడలేదు. 1945 మార్చి 10 తెల్లవారుజామున టోక్యో మీద అమెరికా విమానాలు నిప్పుల బాంబులు కురిపించినప్పుడు దాదాపు లక్ష మంది చనిపోయారు. సినిమాలో గాడ్జిల్లా వచ్చిన రాత్రిని చూస్తున్న ప్రేక్షకుల్లో ఆ నిప్పుల్లోంచి పరిగెత్తినవాళ్లు ఉండే ఉంటారు. మధ్యలో గడిచింది తొమ్మిదేళ్లే.

గాడ్జిల్లా బాంబు లాంటిదని చాలామంది రాస్తారు. నిజమే, కానీ అక్కడే ఆగిపోతే అసలు విషయం తప్పిపోతుంది. సినిమాలో గాడ్జిల్లా ఎక్కడో సముద్రం అడుగున తన మానాన తాను బతుకుతున్న పురాతన జీవి. హైడ్రోజన్ బాంబు పరీక్షలు దాన్ని ఉన్నచోట ఉండనివ్వలేదు. అంటే అది బాంబు, బాంబు దెబ్బ తిన్నది కూడా. బాధితుల ఒంటి మీది కాలిన మచ్చల్లాగే ఉంటుంది దాని చర్మం. తకాషి షిమురా వేసిన ప్రొఫెసర్ యమానే పాత్ర ఈ ముడిని పట్టుకుంటుంది. ఊరంతా దాన్ని చంపండి అంటుంటే, అంత రేడియేషన్ తట్టుకుని ఎలా బతికిందో తెలుసుకోకుండా ఎందుకు చంపుతారని ఆయన బాధపడతాడు. లైటు ఆర్పేసి చీకట్లో ఒంటరిగా కూర్చుంటాడు. చివరికి గాడ్జిల్లాని చంపేది సెరిజావా అనే యువ శాస్త్రవేత్త కనిపెట్టిన ఆయుధం. అది నాయకుల చేతిలో పడితే ఏమవుతుందో అతనికి తెలుసు. అందుకే కాగితాలన్నీ తగలబెట్టి, తానే సముద్రం అడుగుకి దిగి ఆ ఆయుధాన్ని వాడి, పైకి లాగే తాడు కోసేసుకుంటాడు. జంతువు చచ్చింది. పడవ మీద గెలిచిన ఆనందం ఎవరి ముఖంలోనూ నిలవదు. బాంబు పరీక్షలు ఆపకపోతే ఇలాంటిది ఇంకొకటి వస్తుందని యమానే అంటాడు.

మన పురాణాలు విన్నవాళ్లకి ఈ రకం రాక్షసుడు కొత్తేం కాదు. కబంధుడు శాపం వల్ల ఆ రూపంలో ఉంటాడు, రాముడి చేతిలో విముక్తి పొందుతాడు. గాడ్జిల్లాకి ఆ శాపం పెట్టింది మనుషులు. విమోచనం మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఈ రాక్షసులు కావాలని చెడ్డవి కావని, మరీ ఎత్తుగా, మరీ బలంగా, మరీ బరువుగా పుట్టడమే వాటి విషాదమని హోండా చెప్పేవారు. కైజూ సినిమాలన్నిటికీ, అంటే జపాన్‌లో తీసే ఇలాంటి రాక్షస జంతువుల సినిమాలన్నిటికీ, తాళంచెవి ఈ మాటలో ఉందని నా నమ్మకం. ఇక రబ్బరు తొడుగు దగ్గరికి వద్దాం. ఆ బరువుని తెర మీదికి తెచ్చింది అదే కాబట్టి.

బరువు ఎలా పుట్టింది

స్పెషల్ ఎఫెక్ట్స్ దర్శకుడు ఎయిజి త్సుబురాయాకి 1933 నాటి కింగ్ కాంగ్ అంటే ప్రాణం. అందులో కాంగ్ చిన్న బొమ్మ. దాన్ని ఫ్రేము ఫ్రేముకీ కొంచెం కొంచెంగా జరుపుతూ ఫొటోలు తీసి నడిపించారు. గాడ్జిల్లాని ఆ పద్ధతిలో తీస్తే ఏడేళ్లు పడుతుందని త్సుబురాయా అన్నారని చెబుతారు. తోహో చేతిలో ఉన్నవి నెలలు. అందుకే మనిషికి తొడుగు వేసి, చిన్న టోక్యో కట్టి, అందులో నడిపించారు. అవసరం కొద్దీ పట్టిన దారే. అయితే ఫ్రేము ఫ్రేముకీ జరిపే బొమ్మతో అంత తేలిగ్గా రానిది ఒకటి ఆ దారిలో దొరికింది. నిజంగా కూలే మేడ, నిజంగా లేచే దుమ్ము, వాటి మధ్య నిజంగా నేల మీద పడే అడుగు.

దీని వెనక చక్కటి లెక్క ఉంది. గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. తొడుగులో ఉన్న మనిషి సుమారు 2 మీటర్లు. కాబట్టి ఊరిని 25వ వంతుకి కుదించి కట్టారు. 50 మీటర్ల మేడ మీది నుంచి ఒక పెచ్చు ఊడితే నేల తాకడానికి సుమారు 3.2 సెకన్లు పడుతుంది. 2 మీటర్ల బొమ్మ మేడ మీది నుంచి అయితే 0.64 సెకన్లు. మామూలుగా తీస్తే ఇది బొమ్మ అని కన్ను ఇట్టే పట్టేస్తుంది. ఎత్తు 25 రెట్లు తగ్గితే పడే సమయం తగ్గేది 25కి వర్గమూలం, అంటే 5 రెట్లు. కాబట్టి కెమెరాని అయిదు రెట్ల వేగంతో తిప్పాలి, సెకనుకి 24 ఫ్రేములు తీసే చోట 120 తీయాలి. ఆ రీలుని మామూలు వేగంతో వేస్తే గోడ తాపీగా ఒరుగుతుంది, దుమ్ము మెల్లగా పైకి లేస్తుంది, మన కన్ను దాన్ని పెద్ద మేడగా ఒప్పుకుంటుంది. పుస్తకంలో లెక్క ఇది. సెట్ మీద సీనుని బట్టి ఏ వేగం కంటికి నిజమనిపిస్తే దాన్ని ఎంచుకోవాలి, అక్కడే పనితనం.

ఈ లెక్క ఒక మనిషి ఒంటి మీద ఎలా పడిందో చూడండి. కెమెరా అయిదు రెట్లు వేగంగా తిరిగితే ఒక్కో ఫ్రేముకి అందే వెలుగు అయిదో వంతు. ఆ లోటు పూడ్చాలంటే లైట్లు పెంచాలి. ఆ కాలపు లైట్లు పెంచడమంటే సెట్‌లో వేడి పెంచడమే. ఆ వేడిలో, గాలి ఆడని రబ్బరు తొడుగులో హరువో నకజిమా అనే నటుడు నడిచాడు. మొదట చేసిన తొడుగు దాదాపు 100 కిలోలు, గట్టిపడిపోయి అడుగు వేయడానికే రాలేదు. దాన్ని కోసి కాళ్లు మాత్రమే కనిపించే షాట్లకి వాడుకున్నారు. రెండోది కొంత నయం. అయినా లోపల కొద్ది నిమిషాలకి మించి ఉండటం కష్టం, బయటికి వచ్చాక తొడుగులోంచి చెమట వంపేవాళ్లు. పైగా తెర మీద అంతా నెమ్మదిస్తుంది కాబట్టి తొడుగులో ఉన్నవాడు మామూలుకన్నా చురుగ్గా కదలాలి. ఇదంతా మోస్తూనే నకజిమా నటించాడు. జూకి వెళ్లి ఏనుగులు, ఎలుగుబంట్లు అడుగు ఎలా వేస్తాయో గమనించి వచ్చాడు. పాదం మొత్తం ఒకేసారి ఆనించే ఆ నడక, అడుగు పడ్డాక ఒళ్లంతా కుదురుకోవడానికి పట్టే ఆ క్షణం అతని సొత్తు. 1972 దాకా పన్నెండు సినిమాల్లో అతనే గాడ్జిల్లా. ముఖం కనిపించకుండా ఒక పాత్రకి అంత వ్యక్తిత్వం తెచ్చిన నటుడు ప్రపంచ సినిమాలో ఇంకొకరు ఉన్నారా అని నాకు నిజంగానే అనుమానం.

మొదటి సినిమాలో కరెంటు టవర్లు కరిగే షాట్ ఉంటుంది. ఊరి చుట్టూ హైటెన్షన్ తీగలు కట్టి గాడ్జిల్లాని ఆపబోతారు. అది నోటిలోంచి ఊదిన ఆవిరికి ఆ టవర్లు తెల్లగా కాగి, మధ్యకి వంగి, వాలిపోతాయి. అవి మైనంతో చేసిన టవర్లు. ఎదురుగా ఉన్న లైట్ల వేడికి, వేడిగాలికి నిజంగానే కరిగాయి. ఈసారి చూసేటప్పుడు టవరు పైభాగాన్ని గమనించండి. ఒక్కో కమ్మీ ఒక్కో తీరుగా లొంగిపోతుంది. ఎవరూ దాన్ని గీయలేదు, కదపలేదు. వేడి తన పని తాను చేసుకుపోయింది.

ఈ పద్ధతికి లొంగనివి రెండున్నాయి, నీళ్లూ నిప్పూ. ఎంత చిన్న సముద్రం కట్టినా నీటి బొట్టు నీటి బొట్టంతే ఉంటుంది. మంట నాలుకలు కూడా అంతే. అందుకే పాత సినిమాల్లో సముద్రపు సీన్లు ఎక్కువగా దొరికిపోతాయి. అది నేను కాదనను.

అరుపు గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మొదట జంతువుల గొంతులు ప్రయత్నించారు, ఏదీ కుదరలేదు. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే కాంట్రాబాస్ అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం తీగలు వదులు చేయించి, రాళం పూసిన తోలు గ్లౌజుతో వాటిని రుద్దించారు. ఆ రికార్డింగుని నెమ్మది చేస్తే వచ్చిందే ఆ అరుపు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కసారి వినండి. అది కోపంతో మొదలవుతుంది. చివర సన్నగా సాగేటప్పుడు ఏడుపు వినిపిస్తుంది. ఏ డైలాగూ లేని జీవి మీద మనకి జాలి పుట్టడంలో సగం వాటా ఇఫుకుబేది.

హీరో ఎలా అయింది

దీనికి డబ్బు ఒక కారణం. 1962లో కింగ్ కాంగ్, గాడ్జిల్లా తలపడిన సినిమాకి జపాన్‌లో కోటికి పైగా టికెట్లు తెగాయి. రెండు జంతువులు కొట్టుకుంటే జనం వస్తారని తోహోకి తెలిసిపోయింది. ఇంకో పక్క టీవీ వచ్చి హాళ్లు ఖాళీ అవుతున్నాయి. 1958లో జపాన్‌లో ఏడాదికి 112 కోట్లకు పైగా సినిమా టికెట్లు అమ్ముడుపోతే, 1970ల మధ్యకి 20 కోట్ల లోపుకి పడిపోయాయి. 1966లో త్సుబురాయా సొంత సంస్థే అల్ట్రామన్‌తో కైజూలని ప్రతి వారం ఇంట్లోకి తెచ్చింది. హాలుకి ఇంకా వస్తున్నది సెలవుల్లో పిల్లలు. కాబట్టి గాడ్జిల్లా పిల్లలది అయింది. బడ్జెట్ తగ్గింది, పాత సినిమాల ముక్కలు మళ్లీ అతికించారు. ఇదంతా నిజమే.

కానీ డబ్బు ఒక్కటే కారణమైతే ఆ మార్పు అంత సులువుగా అతికేది కాదు. బాధితుడు కూడా అయిన రాక్షసుణ్ని ప్రేక్షకుడు మొదటి నుంచీ సగం తనవాడిగానే చూశాడు. ఆ సగం జాలి పెరిగి అభిమానమైంది. మధ్యలో వంతెన వేసింది 1961 నాటి మోత్రా. ఇది కూడా హోండా సినిమాయే. అణుపరీక్షలు జరిగిన ఒక దీవిలో ఇద్దరు బుల్లి కవల యువతులు ఉంటారు. ఒక వ్యాపారి వాళ్లని ఎత్తుకొచ్చి టోక్యోలో స్టేజీ ఎక్కించి టికెట్లు అమ్ముకుంటాడు. వాళ్ల పాట విని ఆ దీవి దేవత మోత్రా గొంగళిపురుగు రూపంలో సముద్రం ఈదుకుంటూ బయల్దేరుతుంది. దానికి టోక్యో మీద పగ లేదు. ఆ కవలలు ఎటు పిలిస్తే అటు నేరుగా వెళుతుంది, దారిలో ఆనకట్ట ఉంటే ఆనకట్ట పోతుంది. మూడేళ్ల ముందే కట్టిన టోక్యో టవర్ని విరిచి దాని మీద గూడు అల్లుకుంటుంది. ఇంత నష్టానికి దోషి ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా ఆ వ్యాపారి వైపే వేలు చూపిస్తారు.

1971 హెడోరా సినిమాని చాలామంది అభిమానులు పక్కన పెట్టేస్తారు. గాడ్జిల్లా గాల్లో ఎగిరే సీన్ ఒకటి ఉండటం వల్ల. నేను మాత్రం దాని తరఫున వాదిస్తాను. యొక్కాయిచిలో ఫ్యాక్టరీ పొగకి జనం ఉబ్బసంతో, మినమాతాలో పాదరసం కలిసిన చేపలు తిని నరాల జబ్బుతో కుప్పకూలిన కాలం అది. 1954లో సినిమా ఏ పని చేసిందో 1971లో ఇదీ అదే చేసింది. పేపర్లో చదివి వణికిపోతున్న దానికి ఒక ఒళ్లు ఇచ్చి పిల్లల ముందు నిలబెట్టింది.

గాడ్జిల్లా కాకపోయినా ఇక్కడ చెప్పాల్సిన సినిమా ఒకటుంది. డాయే సంస్థ 1965లో మొదలుపెట్టిన గమెరా ఒక పెద్ద తాబేలు, పిల్లలకి నేస్తం. 1990ల్లో షూసుకే కనెకో దాన్ని మూడు సినిమాలుగా మళ్లీ తీశారు. 1999లో వచ్చిన మూడో దాంట్లో అయానా అనే అమ్మాయి ఉంటుంది. మొదటి సినిమాలో గమెరా లోకాన్ని కాపాడుతూ చేసిన పోరాటంలోనే ఆ అమ్మాయి అమ్మానాన్నలు చనిపోయారు. మనం చప్పట్లు కొట్టిన ఆ యుద్ధం తన ఇంటి మీద జరిగింది. ఆ అమ్మాయి తన పగతో ఇంకో రాక్షసిని పెంచుతుంది. చివర్లో గమెరా తన చేతిని తానే పోగొట్టుకుని ఆ అమ్మాయిని బతికిస్తుంది, అయినా జరిగినదాన్ని సినిమా మాఫీ చేయదు. హీరో కాళ్ల కింద ఎవరు పడ్డారు అన్న ప్రశ్నని సూపర్‌హీరో సినిమాలు చాలా ఆలస్యంగా, చాలా భయంభయంగా అడిగాయి. కనెకో ఎప్పుడో అడిగేశారు.

మళ్లీ మళ్లీ 1954

వరుస విషయంలో ఇంకో చిక్కుంది. ఇన్ని సినిమాల్లో దేని తర్వాత ఏది? అభిమానులు వీటిని చక్రవర్తుల పాలనా కాలాల పేర్లతో విడగొడతారు. 1954 నుంచి 1975 దాకా షోవా వరుస. 1984 నుంచి 1995 దాకా హేసెయ్ వరుస. (షోవా చక్రవర్తి పోయింది 1989లో. కాబట్టి 1984 సినిమా లెక్క ప్రకారం షోవాదే, కానీ కథ వల్ల హేసెయ్‌లో కలుపుతారు.) 1999 నుంచి 2004 దాకా వచ్చినవి మిలీనియం సినిమాలు. ఆ తర్వాతివి వేరు.

1984 సినిమా చేసిన పని చూడండి. తనకి ముందు వచ్చిన పదిహేను సినిమాల్లో ఒక్క 1954 దాన్ని ఉంచుకుని మిగతావన్నీ జరగలేదనుకుంది. 1999 తర్వాతి సినిమాల్లో చాలావరకు ఎవరికి వారు మళ్లీ అదే చేశారు. మధ్యలో వచ్చిన హీరో వేషాలు, అంతరిక్ష యుద్ధాలు ఎవరైనా కొట్టిపారేయొచ్చు. మొదటి రాత్రిని మాత్రం దాదాపు ఎవరూ తీసేయలేదు. 1995లో గాడ్జిల్లాని చంపాల్సి వచ్చినప్పుడు కూడా 1954లో దాన్ని చంపిన ఆయుధం దగ్గరికే వెళ్లారు. ఆ ఆయుధం వాడిన చోట పుట్టిన జీవే అందులో శత్రువు.

2016లో షిన్ గాడ్జిల్లా తీసిన హిడెయాకి అన్నో, షింజి హిగుచి ఆ మొదటి సినిమాని కూడా పక్కన పెట్టి కొత్తగా మొదలుపెట్టారు. ఎందుకంటే వాళ్ల ముందు కొత్త గాయం ఉంది. 2011 మార్చి 11 భూకంపం, సునామీ, ఫుకుషిమా అణు ప్రమాదం. ఆ సినిమాలో ఎక్కువ భాగం మీటింగ్ గదులే. మంత్రి అడుగుతాడు, అధికారి ఫైలు చూస్తాడు, ఇది ఏ శాఖ కిందికి వస్తుందో తేలదు, ఈలోపు గాడ్జిల్లా కమాతా వీధుల్లో పడవల్నీ కార్లనీ గుట్టలుగా తోసుకుంటూ పాకుతుంటుంది. ఆ గుట్టలు చూస్తే 2011 సునామీ వీడియోలు గుర్తు రాక మానవు. చివర్లో దాన్ని పేల్చేయరు. నోట్లోకి పంపు లారీలతో మందు ఎక్కించి గడ్డకట్టిస్తారు. ఫుకుషిమాలో వేడెక్కిన రియాక్టర్లని చల్లార్చడానికి వాడిన కాంక్రీటు పంపు లారీలని జపాన్ అంతా టీవీలో చూసింది. గడ్డకట్టిన గాడ్జిల్లా ఊరి నడిబొడ్డున అలాగే నిలబడి ఉంటుంది, దాన్ని ఎక్కడికీ తీసేయలేరు. కంప్యూటర్‌లో గీసిన ఆ గాడ్జిల్లాకి కదలికలు ఇచ్చింది మన్సాయ్ నొమురా, సంప్రదాయ క్యోగెన్ నాటకాల నటుడు. తొడుగు పోయినా లోపల మనిషి పోలేదు.

2023లో తకాషి యమజాకి తీసిన గాడ్జిల్లా మైనస్ వన్ యుద్ధం ముగిసిన రోజుల్లోకి వెళ్లింది. ఆత్మాహుతి దాడికి పంపితే చావలేక వెనక్కి వచ్చిన ఒక పైలట్ ఇందులో నాయకుడు. ప్రభుత్వం చేతులెత్తేస్తే మాజీ నావికులు, ఇంజినీర్లు, మామూలు జనం కలిసి గాడ్జిల్లాని సముద్రంలో ముంచే ఉపాయం పన్నుతారు. ఈసారి ఎవరూ చచ్చిపోకూడదు అన్నది వాళ్ల మొదటి షరతు. 1954లో సెరిజావా తాడు కోసుకున్న సీన్‌కి డెబ్భై ఏళ్ల తర్వాత ఇచ్చిన జవాబుగా నేను దీన్ని చూస్తాను. 610 దాకా ఎఫెక్ట్స్ షాట్లని 35 మంది టీమ్ చేసింది. 2024 మార్చిలో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది, గాడ్జిల్లా సినిమాలకి అదే మొదటి ఆస్కార్. త్సుబురాయాకి లొంగని నీళ్లు ఇందులో లొంగాయి. చిన్న చెక్క పడవని గాడ్జిల్లా తరిమే సీన్‌లో నీటి తుంపరల సైజు చూడండి. గాడ్జిల్లా ఒళ్లు విచ్చి మునిగిపోతుంటే, దాన్ని ఓడించిన మనుషులే నిలబడి సెల్యూట్ చేస్తారు. అంత మందిని చంపినదానికి సెల్యూట్ ఏంటని కొందరికి కోపం వచ్చింది. ఇందాక చెప్పిన హోండా మాట తెలిసినవాళ్లకి ఆ చేతులు ఎందుకు లేచాయో అర్థమవుతుంది.

కాబట్టి "మంచిదా, చెడ్డదా" అన్న ప్రశ్న గాడ్జిల్లాని అడిగితే జవాబు రాదు. దాన్ని లేపింది ఎవరు, ఆ సినిమా తీసిన ఏడాది జపాన్‌లో జనం దేనికి భయపడుతున్నారు, ఈ రెండూ అడగండి. హెడోరా, షిన్, మైనస్ వన్ మూడూ వెంటనే విప్పుకుంటాయి.

మొదలుపెట్టాలనుకుంటే 1954 సినిమాతోనే మొదలుపెట్టండి, కానీ ఏ ప్రింటు చూస్తున్నారో చూసుకోండి. 1956లో అమెరికాలో విడుదలైన దాంట్లో రేమండ్ బర్ అనే నటుణ్ని విలేకరిగా కొత్తగా ఇరికించి, అణుబాంబు గురించిన మాటల్ని చాలావరకు తీసేశారు. చాలా దేశాల వాళ్లు దశాబ్దాల పాటు చూసింది ఆ కోత కోసిన సినిమానే. జపాన్ ప్రింటు అమెరికా హాళ్లలో విస్తృతంగా ఆడింది 2004లో. జపనీస్ మాటలతో 96 నిమిషాలు ఉంటే అది అసలుది. దాని తర్వాత మోత్రా, ఆ వెంటనే షిన్ గాడ్జిల్లా చూడండి. 1970ల సినిమాలు ఇంట్లో పిల్లలుంటే వాళ్లతో కలిసి చూడండి, అవి వాళ్ల కోసమే తీశారు. గమెరా మూడో సినిమాని మాత్రం మొదటి రెండూ చూడకుండా ముట్టుకోవద్దు.